అమ్మకి ఒకవైపే బొబ్బలు లేచాయి, ఊళ్లో 'అక్కి' అంటున్నారు. రాయించాలా, మందులు వాడాలా?

పడమటిగాలి:

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. నేను ఉద్యోగం మీద బెంగళూరులో ఉంటాను. మాయమ్మకి 63 ఏళ్లు, చాన్నాళ్లుగా షుగర్ ఉంది, బిళ్లలు వాడుతుంది.

ఆదివారం నుంచి కుడి రొమ్ము కింద మంట, పోటు అంది. గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు తాగింది. సోమవారం వీపు దాకా పాకింది, రాత్రంతా నిద్ర లేదు. గుండె అయితే ఎట్లా అని మా నాయన భయపడి టౌనుకి తీసుకుపోయి ఈసీజీ తీయించాడు. నార్మల్ అన్నారు. నిన్న, అంటే బుధవారం పొద్దున నొప్పి ఉన్నచోటే ఎర్రగా కంది, మధ్యాహ్నానికి నీటి బొబ్బలు లేచాయి. వీడియో కాల్‌లో చూశాను. వెన్నుపూస దగ్గర మొదలై చంక కిందుగా రొమ్ము కింది దాకా అరచేయి వెడల్పు పట్టీ. నానిన సగ్గుబియ్యం గుప్పిళ్లు గుప్పిళ్లుగా అంటించినట్టు ఉంది. ఎడమవైపు ఒక్కటి కూడా లేదు.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూదేసి, పైపూతకి ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంటు, దురదకి సెట్రిజిన్ ఇచ్చాడు. మా పెద్దమ్మ మాత్రం "ఇది అక్కి, కుమ్మరాయనతో జాజు (ఎర్రమన్ను) రాయించాల్సిందే, మందులు వాడితే లోపలికి పోతుంది" అంటోంది. రెండో వైపుకి చుట్టుకుని తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పంట. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ అద్దంలో ఎడమవైపే చూసుకుంటా కూర్చుంది.

ఇంకో చిక్కు. మా ఆవిడకి ఎనిమిదో నెల. రెండో కాన్పు కాబట్టి అమ్మే ఇక్కడికి వచ్చి చూసుకోవాలి, వచ్చేవారం ప్రయాణం. పెద్దోడికి మూడేళ్లు. ఇది అంటుకుంటుందా? ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

మల్లెతీగ:

మా నాన్నగారికి పోయిన ఎండాకాలం ఇదే వచ్చింది. మాది తెనాలి, మా వైపు సర్పి అంటాం. గరిక, బియ్యం కలిపి నూరి పట్టించాం, ఇరవై రోజుల్లో ఎండిపోయి రాలిపోయాయి. భయపడకండి. వంకాయ, గుడ్డు, మాంసం పెట్టొద్దు, తలస్నానం చేయనీయొద్దు.

సిస్టరమ్మ (రిటైర్డ్):

బాబూ, ముందు ఒక్క పని చెయ్యి. మిగతాది తర్వాత చదువుకో. బొబ్బలు నిన్న మధ్యాహ్నం లేచాయన్నావు. రేపు మధ్యాహ్నం లోపు అమ్మ నోట్లో వైరస్‌ని అణిచే బిళ్ల పడాలి. పైపూత కాదు, బిళ్ల. ఈ రోజే చర్మం డాక్టరు దగ్గరికి పంపు, దొరక్కపోతే ఎంబీబీఎస్ అయినా సరే. మొదటి బొబ్బ కనపడిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే ఆ మందు బాగా పనిచేస్తుంది. శనివారం దాకా టైముంది కదా అని ఆగకు. షుగర్ మనిషికి ఎంత ముందయితే అంత మంచిది. గడువు దాటినా కొత్త బొబ్బలు లేస్తూనే ఉంటే డాక్టర్లు రాస్తారు, కానీ అంతదాకా ఎందుకు?

ఇక విషయానికి వస్తా. నేను గవర్నమెంటు ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీలో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. ఈ పట్టీ చొక్కా ఎత్తీ ఎత్తకముందే చెప్పేయొచ్చు. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు. మీరు అక్కి అనండి, సర్పి అనండి, ఒకటే.

ఇది కొత్తగా బయటినుంచి అంటుకున్నది కాదు. మీ అమ్మకి చిన్నప్పుడు ఆటలమ్మ పోసే ఉంటుంది. అప్పుడు ఒళ్లు తేటపడ్డా ఆ వైరస్ పోదు, వెన్నుపాము పక్కనుండే నరాల ముడుల్లో పడుకుని ఉంటుంది. వయసు మీద పడ్డాకో, షుగర్ వల్లో, స్టెరాయిడ్లూ క్యాన్సర్ మందులూ వాడుతున్నప్పుడో, హెచ్‌ఐవీ ఉన్నప్పుడో రోగనిరోధక శక్తి తగ్గితే లేస్తుంది. లేచి, ఆ ఒక్క నరం వెంట చర్మం దాకా వస్తుంది. అందుకే బొబ్బల కంటే ముందే మంట వచ్చింది. ఆ నాలుగు రోజులూ గ్యాసనీ, కండ పట్టేసిందనీ, రాయి ఉందేమోననీ తిరిగినవాళ్లని ఎంతమందిని చూశానో. మీ నాయన ఈసీజీ తీయించడం మాత్రం నూటికి నూరుపాళ్లు మంచి పని. ఆ వయసులో, షుగర్ ఉన్న మనిషికి ఛాతీలో నొప్పంటే ముందు గుండెనే చూడాలి.

తలా తోకా కలవడం గురించి అమ్మకి ఇలా చెప్పు. కుడివైపు నరాలు వేరు, ఎడమవైపు నరాలు వేరు. ఒకవైపు నరం ఛాతీ మధ్యగీత దగ్గరా వెన్నుపూస దగ్గరా ఆగిపోతుంది, అందుకే పట్టీ అక్కడితో ఆగింది. రెండువైపులా రావడం బహు అరుదు. ఒళ్లంతా అక్కడక్కడా బొబ్బలు లేస్తే మాత్రం ఆసుపత్రిలో చేర్చాలి. అది కూడా తలా తోకా కలిసినందుకు కాదు, ఒంట్లో శక్తి బాగా తగ్గిందని గుర్తు.

మందు సంగతి. వాలాసైక్లోవిర్ అయితే మామూలుగా ఒక గ్రాము రోజుకి మూడుసార్లు, ఏడు రోజులు. ఎసైక్లోవిర్ అయితే 800 మిల్లీగ్రాములు రోజుకి ఐదుసార్లు. ఐదుసార్లంటే పెద్దవాళ్లు ఒకటో రెండో మర్చిపోతారు, స్థోమత ఉంటే మొదటిదే రాయమని అడగండి. ఇవి మూత్రపిండాల మీదుగా పోయే మందులు. అమ్మకి క్రియాటినిన్, అదే మూత్రపిండాల రక్తపరీక్ష, ఎప్పుడు చూశారు? పాత రిపోర్టు ఉంటే పట్టుకుపోండి, దాన్ని బట్టి డోసు తగ్గిస్తారు. నీళ్లు బాగా తాగించండి. ఆయింట్‌మెంటుతో ఈ జబ్బులో ఒరిగేదేమీ లేదు, జబ్బు ఉన్నది నరంలో.

ఆ సూది ఏంటో కనుక్కో. స్టెరాయిడ్ అయితే షుగర్ ఎగబాకుతుంది. ఖాళీ సీసా పేరు చదివి చెప్పమను, మొహమాటపడొద్దు.

మల్లెతీగ గారూ, కోప్పడకండి. పథ్యం మాట మాత్రం ఒప్పుకోను. ఆటలమ్మకీ దీనికీ ఒకే పథ్యమని అన్నం తగ్గించి గంజి తాగుతూ, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ బిళ్ల మాత్రం ఎప్పట్లాగే వేసుకుని కళ్లు తిరిగి పడిపోయిన పెద్దవాళ్లు మా వార్డుకి వచ్చేవాళ్లు. గుడ్డు తినొచ్చు, వంకాయ తినొచ్చు. గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయొచ్చు, చేయాలి కూడా. తుండుతో రుద్దకుండా అద్దాలి. వదులు నూలు జాకెట్టు, లేదంటే మీ నాయన పాత చొక్కా. బొబ్బలు చిదమొద్దు. పౌడరు, పేస్టు, పేడ ఏమీ వద్దు.

కుమ్మరాయన విషయం. రాసినా రాయకపోయినా రెండు నుంచి నాలుగు వారాల్లో బొబ్బలు ఎండి పక్కు రాలుతుంది. దాంతో రాసిన చేతికి పేరొస్తుంది, గరికకీ పేరొస్తుంది. ఆయన్ని తప్పుపట్టను, చాలామంది పైసా తీసుకోకుండా రాస్తారు, మనిషికి ధైర్యం చెబుతారు. పచ్చి బొబ్బ చిట్లిన చోట మన్ను పడితే చీము పడుతుంది, నా గొడవ అదొక్కటే. పెద్దమ్మ ఊరుకోకపోతే పట్టీకి దూరంగా, మంచి చర్మం మీద నాలుగు గీతలు గీయించండి. బిళ్ల మాత్రం ఆపొద్దు. మందు వాడితే లోపలికి పోవడం అనేది లేదు, అది వచ్చిందే లోపలినుంచి.

మీ ఆవిడ సంగతి. ఇది తాకితే అవతలివాళ్లకి అక్కి రాదు. కానీ ఆటలమ్మ ఎప్పుడూ రానివాళ్లకి, టీకా వేయించుకోనివాళ్లకి ఈ బొబ్బల నీటి వల్ల ఆటలమ్మ రావచ్చు. నిండు చూలాలికీ, అప్పుడే పుట్టిన బిడ్డకీ అది మంచిది కాదు. మీ అత్తగారిని అడుగు, అమ్మాయికి చిన్నప్పుడు పోసిందో లేదో. తెలీదంటే వరిసెల్లా (ఆటలమ్మ) ఐజీజీ అని రక్తపరీక్ష ఉంది, మీ గైనిక్ డాక్టరుతో చెప్పి చేయించు. పెద్దోడి టీకాల కార్డులో వరిసెల్లా అని ఉందా చూడు. సర్కారు టీకాల్లో అది లేదు, ప్రైవేటు పిల్లల డాక్టర్లు పదిహేనో నెలలో వేస్తారు. ఏదేమైనా బొబ్బలన్నీ పూర్తిగా పక్కు కట్టేదాకా అమ్మ ప్రయాణం మానుకుంటే మంచిది. సాధారణంగా వారం పది రోజులు పడుతుంది.

కుట్టుమిషన్:

సిస్టరమ్మ చెప్పినట్టు చెయ్యి తమ్ముడూ, రేపటిదాకా కూడా ఆగొద్దు. నాది కర్నూలు, టైలర్ని. నాకు ఎడమ మెడ నుంచి భుజం మీదుగా వచ్చింది. బొబ్బలు మూడు వారాల్లో పోయాయి, మచ్చలు కూడా ఇప్పుడు కనపడవు. నొప్పి పోలేదు.

ఎట్లుంటుందంటే, గట్టిగా నొక్కితే ఏం కాదు. మెత్తగా తగిలితేనే ప్రాణం పోతుంది. టేపు మెడలో వేసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ ప్లాస్టిక్ టేపు భుజం మీద జారితే వాత పెట్టినట్టు అయ్యేది. టేపు మేకుకి తగిలించుకున్నా. కాలరు ఉన్న చొక్కా మానేశా. నైటు ఫ్యాను గాలి తగిలినా లేచి కూర్చునేవాడిని. ఇంట్లోవాళ్లకి ఇది నమ్మశక్యంగా ఉండదు, పైన ఏమీ లేదు కదా అంటారు. పుండు మానినాక మూడు నెలలకీ నొప్పి ఉంటే దానికి వేరే పేరుందంట, పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా. వయసు పెరిగేకొద్దీ ఎక్కువమందికి మిగులుతుందని డాక్టరు చెప్పాడు.

మామూలు నొప్పి బిళ్లలు దీనికి ఆనవు. నాకు ప్రెగబాలిన్ అని నరాల నొప్పి మందు రాత్రిపూట చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మొదట్లో పొద్దున లేస్తే తూలేది, మిషన్ మీద కునుకు వచ్చేది. అలవాటయ్యాక నిద్రపట్టింది. మీ అమ్మకి ఇలాంటిది రాస్తే రాత్రి బాత్రూముకి ఒంటరిగా పోనీయొద్దు, పడిపోతారు. తగ్గింది కదా అని మనంతట మనం ఒక్కసారిగా ఆపకూడదు, దించేది కూడా మెల్లగానే.

పడమటిగాలి:

సిస్టరమ్మా, అన్నా, మీకు దండం. నిన్న సాయంత్రమే నాయన చిత్తూరు తీసుకుపోయాడు. డాక్టరు చూస్తానే మీరు చెప్పిన పేరే చెప్పాడు. క్రియాటినిన్ బాగానే ఉందని వాలాసైక్లోవిర్ ఫుల్ డోసు, పారాసిటమాల్, రాత్రికి నరాల నొప్పికి గాబాపెంటిన్ రాశాడు. సూది డెక్సా అంట, స్టెరాయిడే. షుగర్ చూస్తే 290. రెండు మూడు రోజులు రోజూ చూసుకోమన్నాడు.

మా అత్తని అడిగితే మా ఆవిడకి అయిదో క్లాసులో ఆటలమ్మ పోసిందని, నుదుటి మీది మచ్చ దానిదేనని చెప్పింది. పెద్దోడి కార్డులో వరిసెల్లా ఒక డోసు ఉంది. ప్రయాణం ఎట్లాగూ వాయిదా వేశాం, మా అత్త వస్తోంది. పెద్దమ్మ కుమ్మరాయన్ని పిలిపించనే పిలిపించింది. ఆయనే "బిళ్లలు వాడుతుంటే నేను పక్కన రాస్తాలేమ్మా" అని నడుం మీద సింహం బొమ్మ గీసిపోయాడంట. అమ్మ అద్దం చూడటం మానేసింది.

రెండు ప్రశ్నలు. నాయనకి 67, ఆయనకీ వస్తుందా? టీకా ఏదో ఉందంటున్నారు, నిజమేనా? అమ్మకి ఏం కనపడితే మళ్లీ డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి?

సిస్టరమ్మ (రిటైర్డ్):

రెండోది ముందు. ఛాతీ మీద వచ్చింది కాబట్టి చీము, జ్వరం, ఒళ్లంతా కొత్త బొబ్బలు, మనిషి మాటలో తేడా, షుగర్ దిగకపోవడం, ఇవి చూసుకోండి. ఇది చదివే మిగతావాళ్లకి కూడా చెబుతున్నా, నుదుటి మీదో కంటి చుట్టూనో వస్తే కథ వేరు. ముక్కు కొనమీద ఒక్క బొబ్బ కనపడినా ఆ నరం కంటిలోకీ పోతుంది కాబట్టి అదే రోజు కంటి డాక్టరు చూడాలి. చూపు పోయే ప్రమాదం ఉంది. చెవిలో బొబ్బలు లేచి మూతి వంకర పోతే ఈఎన్‌టీ దగ్గరికి.

నాయనకి అమ్మ దగ్గర్నుంచి అక్కి అంటదు. కానీ చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లకి ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు లేవొచ్చు. టీకా ఉంది, షింగ్రిక్స్ అని, 2023లో మన దేశానికి వచ్చింది. 50 దాటినవాళ్లకి రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలలు. 50 దాటినవాళ్లలో జరిగిన పరీక్షల్లో 90 శాతానికి పైగా రక్షణ కనపడింది. ఇందులో బతికున్న వైరస్ ఉండదు, షుగర్ ఉన్నవాళ్లూ వేయించుకోవచ్చు. చెయ్యి వాచడం, ఒకట్రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటాయి. ధర మాత్రం మంట పుట్టిస్తుంది, రెండు డోసులకీ కలిపి ఇరవై వేలు దాటుతుంది. మీ నాయనకి వేయించగలిగితే వేయించు. అమ్మకి కూడా వేయించొచ్చు, ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రాదని లేదు. ఇప్పుడు కాదు, ఇది పూర్తిగా మానాక డాక్టర్ని అడిగి.

కుట్టుమిషన్:

ఆ డోసులు నేనూ వేయించుకుందామనుకుంటున్నా సిస్టరమ్మా. ప్రెగబాలిన్ వాడుతుండగా వేసుకోవచ్చా?

సిస్టరమ్మ (రిటైర్డ్):

వేసుకోవచ్చు, దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ ఉన్న నొప్పి టీకాతో తగ్గుతుందని మాత్రం ఆశపెట్టుకోవద్దు, అది మళ్లీ రాకుండా ఆపడానికే.