వడ్డేపల్లి చెరువు దగ్గర నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొనవచ్చా?

ప్రశ్న – సుబేదారి అద్దెదారు

అందరికీ నమస్కారం. నేనూ నా భార్యా ఇద్దరమూ ఉద్యోగులమే. చాలా కాలంగా సుబేదారిలో అద్దెకు ఉంటున్నాము. ఇద్దరి జీతాల మీద బ్యాంకు రుణం తీసుకొని హనుమకొండలోనే సొంత ఫ్లాటు కొనాలని చూస్తున్నాము. వడ్డేపల్లి చెరువుకు దగ్గరలో 900 గజాల స్థలంలో, స్టిల్టు (పార్కింగు కోసం పిల్లర్ల మీద వదిలే కింది అంతస్తు) మీద ఐదు అంతస్తులుగా, అంతస్తుకు మూడు చొప్పున ఒకే కొలత గల 15 ఫ్లాట్లతో ఒక అపార్టుమెంటు కడుతున్నారు. అందులో నాలుగో అంతస్తులో మూడు పడక గదుల ఫ్లాటు మాకు నచ్చింది. 1,650 చదరపు అడుగులని చెప్పారు. బాల్కనీ నుంచి చెరువు మొత్తం కనిపిస్తుంది. ఇదే రకం ఫ్లాటుకు సుబేదారిలో చెప్పే ధర కంటే ఎక్కువే అడుగుతున్నారు. ఆ తేడా చెరువు కనిపించడం వల్లనేనని బిల్డరు కూడా దాచకుండానే చెప్తున్నారు.

రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు నంబరు ఇంకా రావలసి ఉందట. ఇప్పుడే 30 శాతం కట్టి రసీదు తీసుకుంటే చదరపు అడుగు ధర తగ్గిస్తామని అంటున్నారు. భూమిలో మా వాటా 48 గజాలని చెప్పారు. పెద్ద బ్యాంకు రుణం ఇవ్వడానికి సిద్ధంగా ఉంది కనుక కాగితాల గురించి బెంగ అక్కర లేదని వారి మాట. పరకాల వైపు వ్యవసాయం చేసుకునే మా మామగారు మాత్రం బాల్కనీ సంగతి తరువాత, ముందు ఆ చెరువు మత్తడి (చెరువు నిండితే నీరు పొర్లిపోయే అలుగు) ఎటు దుంకుతుందో కనుక్కోమన్నారు. ఈ విషయాలు తెలిసిన పెద్దలు ఏమేమి చూసుకోవాలో వివరంగా చెప్పగలరు.

జవాబు 1 – విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు

మీ మామగారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. చెరువు దగ్గర స్థలం అనగానే మనవాళ్లు దూరం ఎంత అని అడుగుతారు కానీ, చూడవలసింది మట్టం. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండి నీరు మత్తడి అంచును తాకే మట్టం. ఆ మట్టాన్ని నేల మీద గీతగా గీస్తే ఆ గీత లోపలిదంతా చెరువే, ఎండాకాలంలో అక్కడ క్రికెట్ ఆడుతున్నా సరే. అయితే మత్తడి దుంకుతున్నప్పుడు చెరువులో నీరు ఎఫ్‌టీఎల్ కంటే పైనే ఉంటుంది, ఎందుకంటే మత్తడి మీద ఎంత మందాన నీరు పారుతోందో చెరువు మట్టం కూడా అంత మేర పెరిగి ఉంటుంది. గీతకు అవతల కొంత జాగా ఖాళీగా వదలాలని నిబంధన పెట్టడానికి ఒక కారణం ఇదే. మన రాష్ట్రంలో 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల వరకు, అంతకు చిన్న చెరువులకు 9 మీటర్ల వరకు బఫర్ జోన్ ఉంటుంది. వడ్డేపల్లి చెరువు మొదటి కోవకు చెందుతుంది. 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాలకు కూడా 9 మీటర్ల బఫర్ ఉంది.

తరువాత తేల్చుకోవలసింది మీ స్థలం చెరువుకు ఏ పక్కన ఉందన్నది. కట్టకు ఎగువన, నీరు పరుచుకునే వైపున ఉంటే ఎఫ్‌టీఎల్, బఫర్ మీ ప్రధాన సమస్యలు. కట్ట కింద, అంటే ఒకప్పటి ఆయకట్టు వైపున ఉంటే బఫర్ గొడవ తక్కువ కావచ్చు కానీ ఊట ఉంటుంది, పునాది తవ్వినప్పుడే నీరు కనిపిస్తుంది, సెల్లారు ఉంటే ఏడాది పొడవునా మోటారు పెట్టి తోడవలసి రావచ్చు. మీది స్టిల్టు అన్నారు కనుక ఆ బాధ కొంత తక్కువే, కానీ లిఫ్టు గుంత, నీటి సంపు, కరెంటు ప్యానెల్ బోర్డు ఏ ఎత్తులో పెడుతున్నారో అడగండి. కరెంటు గది కిందే ఉండి అందులోకి నీరు వెళితే నాలుగో అంతస్తులో ఉన్నా మీకు లిఫ్టూ ఉండదు, నీళ్లూ ఉండవు.

ఇక మత్తడి సంగతి. కాకతీయుల నాటి నుంచి మన ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండి పొర్లితే కింది చెరువుకు చేరాలి. ఆ మధ్య దారి ఇరుకైతే నీరు కాలనీల్లోంచి పోతుంది. 2020 ఆగస్టులో నయీంనగర్ ఇళ్లలోకి నీరు వచ్చింది నాలా పొంగడం వల్లనే. 2023 జులై చివరలో భద్రకాళి చెరువు కట్ట పోతన నగర్ వైపు తెగినప్పుడు కట్ట కింద ఉన్నవారి ఆందోళన మనమందరం చూశాము. కాబట్టి ఆ రెండు సందర్భాలలోనూ మీరు చూసిన స్థలం ముందున్న రోడ్డు మీద నీరు ఎంత ఎత్తున నిలిచిందో ఇరుగుపొరుగు వారిని, కిరాణా దుకాణం వారిని, అక్కడి చెరువులో చేపలు పట్టేవారిని అడగండి. గోడల మీద మరకలు కూడా చెప్తాయి, కొత్తగా రంగు వేయకపోతే. నీటిపారుదల శాఖ కార్యాలయంలో చెరువు మత్తడి మట్టం, ఎఫ్‌టీఎల్ హద్దుల పటం ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే నకలు ఇస్తారు.

జవాబు 2 – భద్రకాళి బండ్ దగ్గరి నివాసి

నేను చెరువు కనిపించే ఫ్లాటులోనే ఉంటున్నాను కాబట్టి ఉండటం ఎలా ఉంటుందో చెప్తాను. ఉదయం బండ్ మీద నడక, సాయంత్రం గాలి, ఈ రెండింటికీ ధర కట్టలేము. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులున్నా ఆ నడక కోసమే కిందికి దిగుతారు. కానీ చెరువు ఎప్పుడూ మీరు చూసిన రోజున ఉన్నట్లే ఉండదు. 2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేశారు, ఆ తరువాత చాలా కాలం మా బాల్కనీ ముందు కనిపించింది బురద, లారీలే. పని మంచిదే, నేను తప్పు పట్టడం లేదు. అయితే మీరు అదనంగా చెల్లించేది ఆ దృశ్యానికే గనుక అది మధ్యమధ్య ఇలా మాయమవుతుందని తెలిసి చెల్లించండి.

చెరువులో గుర్రపుడెక్క పెరిగిన కాలంలో దోమలు విపరీతం, కిటికీలన్నింటికీ జాలీలు తప్పనిసరి. వాన తగ్గి ఎండ కాసిన రోజుల్లో గాలి మన వైపు తిరిగితే వాసన వస్తుంది. అందుచేత ఒకసారి సాయంత్రం, ఒకసారి మధ్యాహ్నం, వీలైతే గట్టి వాన పడిన మరునాడు వెళ్లి చూడండి. ఆదివారం ఉదయం ఒక్కటే చూసి వస్తే అన్నీ బాగున్నట్లే ఉంటాయి. చెరువుకూ మీ భవనానికీ మధ్య ఖాళీ స్థలం ఏదైనా ఉంటే అది ఎవరిదో కూడా కనుక్కోండి. అది బఫర్ లోపలిదైతే సరే, బయటిదైతే రేపు అక్కడా ఐదంతస్తులు లేస్తాయి, అప్పుడు మీకు కనిపించేది ఎదుటివారి బట్టల తీగ.

జవాబు 3 – హనుమకొండ న్యాయవాది

ముందుగా ఆ 30 శాతం గురించి చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రెరాలో నమోదు తప్పనిసరి. మీరు చెప్పిన 900 గజాలు దాదాపు 750 చదరపు మీటర్లు, ఫ్లాట్లేమో 15, కాబట్టి రెండు విధాలా ఇది చట్టం పరిధిలోకి వస్తుంది. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం, అమ్మడం 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 3కు విరుద్ధం. నంబరు వచ్చిన తరువాత కూడా, రిజిస్టరు అయిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని సెక్షన్ 13 చెప్తుంది. తగ్గింపు ధర అని మీకు చూపుతున్నది నిజానికి మీరు బిల్డరుకు వడ్డీ లేకుండా, హామీ లేకుండా ఇచ్చే అప్పు. అదే నమోదైన ప్రాజెక్టు అయితే కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి భూమి, నిర్మాణ ఖర్చులకే వాడాలి. చెప్పిన గడువుకు ఇల్లు ఇవ్వకపోతే వడ్డీతో డబ్బు వెనక్కి అడిగే హక్కు ఉంటుంది. అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి.

బ్యాంకు రుణం ఇస్తుంది కాబట్టి అన్నీ సవ్యమన్న వాదన మన దగ్గర చాలా మందిని నిశ్చింతగా నిద్రపుచ్చింది. బ్యాంకు ముఖ్యంగా చూసుకునేది తన అప్పు మీ జీతం నుంచి వసూలవుతుందా అన్నది. వారి న్యాయవాది హక్కు పత్రాలను పరిశీలిస్తారు, నిజమే, కానీ చెరువు హద్దు కొలిచి చూడరు. భవనంలో కొంత భాగం రేపు బఫర్‌లో తేలినా వాయిదాలు మాత్రం మీరే కట్టాలి. చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ పరిధి హైదరాబాద్ వరకే కదా అని కొందరు ధీమాగా ఉంటారు. హైడ్రా లేనంత మాత్రాన నిబంధన లేకుండా పోదు, ఇక్కడ చర్య తీసుకునే అధికారం పురపాలక, రెవెన్యూ, నీటిపారుదల శాఖలకు ఉంది.

పత్రాల విషయంలో లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం) అందరూ చూస్తారు. చెరువు దగ్గర స్థలానికి అవి చాలవు. పాత పహాణీలు (రెవెన్యూ భూమి రికార్డులు) తీయించండి, వీలైతే 1954–55 నాటి ఖాస్రా పహాణీ వరకు వెళ్లండి. ఆ సర్వే నంబరు ఎదుట శిఖం (చెరువు నీరు పరుచుకునే భూమి) అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. శిఖం భూములకు కొన్ని చోట్ల పట్టాలు ఉన్నమాట నిజం. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే ఆ పట్టా పనికివస్తుంది, ఇల్లు కట్టడానికి కాదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22ఎ కింద ఉండే నిషేధిత ఆస్తుల జాబితాలో ఆ సర్వే నంబరు లేదని కూడా రూఢి చేసుకోండి. అనుమతి పటంలో బిల్డరు పురపాలక సంస్థకు తనఖా పెట్టిన 10 శాతం నిర్మాణ భాగం ఏదో చూడండి. మీ ఫ్లాటు అందులో ఉంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివాసం ఉండవచ్చన్న పురపాలక ధ్రువపత్రం) వచ్చి తనఖా విడుదలయ్యే వరకు దాని జోలికి పోవద్దు.

ఖర్చు లెక్కలో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి 7.5 శాతం వేసుకోండి. నిర్మాణంలో ఉండగా కొంటే ధర 45 లక్షలు దాటిన ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ అదనం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు, కాబట్టి బిల్డరు ఇస్తానన్న తగ్గింపును ఈ 5 శాతంతో పోల్చి చూడండి. 1,650 అడుగులలో గోడల మధ్య మీరు వాడుకునే కార్పెట్ ఏరియా ఎంతో రాతపూర్వకంగా అడగండి, రెరా ప్రకారం చెప్పవలసిన కొలత అదే.

చివరగా ఒక లెక్క నాకు పొసగడం లేదు. 900 గజాలను సమానమైన 15 ఫ్లాట్లకు పంచితే ఒక్కొక్కరికి 60 గజాలు రావాలి. మీకు 48 అన్నారు. అంటే మొత్తం మీద 180 గజాలు ఎవరికీ చెందకుండా మిగిలాయి. అవి రోడ్డు వెడల్పుకు పోయాయా, భూ యజమాని అట్టిపెట్టుకున్నారా, లేక మరేదైనా కారణమా అన్నది అడిగి తెలుసుకొని ఇక్కడ రాయండి.

సుబేదారి అద్దెదారు

అందరికీ ధన్యవాదాలు. వకీలు గారు చెప్పిన లెక్క పట్టుకొని వెళ్లి అడిగాను. మొదట వేరే మాటలు చెప్పారు. గట్టిగా అడిగేసరికి, చెరువు వైపున్న 180 గజాలను పార్కుగా వదిలేశామని, అది అందరూ వాడుకునేదే కాబట్టి ఎవరి దస్తావేజులోనూ రాయబోమని అన్నారు. నీటిపారుదల శాఖ నిరభ్యంతర పత్రం చూపమంటే దరఖాస్తు చేసిన రసీదు మాత్రమే చూపించారు. స్థలం కట్టకు ఎగువనే ఉంది. 2023లో వీధి చివర మోకాలి లోతు నీరు నిలిచిందని ఎదురింటి వారు చెప్పారు. అయినా మా ఇంట్లో వారికి ఆ బాల్కనీ మీద మనసు పోలేదు.

విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు

అందరూ వాడుకునే జాగా అయితే దస్తావేజులో ఉమ్మడి వాటాగా తప్పక చూపాలి. చూపడం లేదంటే ఆ 180 గజాలు బఫర్‌లో ఉన్నాయని, అనుమతి కోసం వాటిని పక్కన పెట్టారని నా అనుమానం. అదే నిజమైతే భవనం గోడకూ బఫర్ గీతకూ మధ్య ఎంత జాగా మిగిలిందన్నది మీరు స్వయంగా తెలుసుకోవాలి. నిరభ్యంతర పత్రం చేతికి వచ్చాక సర్వేయరును తీసుకెళ్లి, శాఖ పటంలోని ఎఫ్‌టీఎల్ గీత నుంచి టేపుతో కొలిపించండి. 30 మీటర్లకు లోపల ఒక్క పిల్లరు ఉన్నా ఆ ఫ్లాటు వద్దు, బాల్కనీ ఎంత బాగున్నా సరే. గోడకు గీతకు మధ్య తగినంత దూరం ఉంటే అప్పుడు ధర గురించి మాట్లాడండి.

హనుమకొండ న్యాయవాది

నా మాట కూడా అదే. రెరా నంబరు, నిరభ్యంతర పత్రం రెండూ వచ్చే వరకు రూపాయి కూడా ఇవ్వకండి, టోకెన్ అన్నా ఇవ్వకండి. ఈలోగా ఫ్లాటు వేరేవారికి పోతుందని తొందరపెడితే పోనివ్వండి. మీకు చెరువు దగ్గరే ఉండాలని ఉంటే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి కొన్ని వర్షాకాలాలు గడిచిన పాత అపార్టుమెంట్లలో అమ్మకానికి ఉన్నవి ఆ చుట్టుపక్కల చూడండి. వాటికి జీఎస్టీ ఉండదు, నీరు ఎక్కడి వరకు వచ్చిందో అక్కడి వాచ్‌మన్ చెప్తాడు.