ఫోరెన్సిక్ సైకాలజీకి ఏ కాలేజీలో చేరాలి?

అందరికీ నమస్కారం. గ్రీన్ కార్డు మీద అమ్మానాన్నలతో అమెరికా వచ్చి మూడు నెలలైంది. ఇంటర్ అయిపోయింది. ఫోరెన్సిక్ సైకాలజిస్టు, అంటే కోర్టు కేసుల్లో పనిచేసే సైకాలజిస్టు కావాలని నా కోరిక. ఆ పేరుతోనే బీఏ ఉన్న ప్రైవేటు కాలేజీ ఒకటి దొరికింది గానీ ఫీజు చూసి నాన్నకి నోట మాట రాలేదు. చేరమంటారా?

—

చెల్లీ, డిగ్రీ పేరు చూసి అప్పు చెయ్యొద్దు. నేను క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేశాను కాబట్టి చెప్తున్నా. కోర్టుకు సైకాలజిస్టుగా రిపోర్టు ఇవ్వాలంటే సాధారణంగా డాక్టరేట్, ఆపైన స్టేట్ లైసెన్సు ఉండాలి. డాక్టరేట్ సీటు ఇచ్చేవాళ్లు బీఏ పేరు పెద్దగా పట్టించుకోరు. స్టాటిస్టిక్స్‌లో గ్రేడు, ప్రొఫెసర్ ల్యాబ్‌లో నువ్వు చేసిన పని, వాళ్లిచ్చే లెటర్లు చూస్తారు.

కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు, తర్వాత స్టేట్ యూనివర్సిటీలో మామూలు సైకాలజీ చాలు. చాలా రాష్ట్రాల్లో ఏడాది ఉంటేగానీ ఇన్‌స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంవాళ్లకిచ్చే తక్కువ ఫీజు) రాదు, ముందు అది కనుక్కో. గ్రీన్ కార్డు ఉంది కదా, ఫాఫ్సా (చదువుకి ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం పెట్టే దరఖాస్తు) ఇవాళే నింపు. ఏ క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అవుతాయో కౌన్సిలర్ చేత రాతపూర్వకంగా తీసుకో. నోటిమాట నమ్మి నేను స్టాటిస్టిక్స్ రెండోసారి చదివాను, ఒక సెమిస్టర్ పోయింది. న్యూయార్క్‌లో ఉంటే మాత్రం జాన్ జే కాలేజీ చూడు. ఫోరెన్సిక్ సైకాలజీలో బీఏ ఉంది, పైగా ప్రభుత్వ కాలేజీ.

—

థాంక్యూ అక్కా! పీహెచ్‌డీ మంచిదా, సైడీ (సైకాలజీలోనే ఇంకోరకం డాక్టరేట్, PsyD) మంచిదా? నేరస్తుల ప్రొఫైలింగ్, అంటే నేరం తీరు చూసి చేసినవాడు ఎలాంటివాడో అంచనా వెయ్యడం, ఎప్పుడు నేర్పుతారు?

—

పీహెచ్‌డీ అయితే చాలాచోట్ల ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు, సీటు రావడమే కష్టం. సైడీకి ఎక్కువమంది లోన్ తీసుకుంటారు. ఏదైనా సరే, ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు లేనిదాంట్లో చేరకు.

—

అమ్మా, నేను డిఫెన్స్ లాయర్ని. ప్రొఫైలింగ్ కోసం నేను ఇంతవరకూ ఏ సైకాలజిస్టునీ పిలవలేదు. పిలిచేదల్లా ముద్దాయి మానసికంగా కోర్టు విచారణ ఎదుర్కోగలడా లేదా తేల్చడానికే. ముద్దాయికి తన కేసు అర్థం కావాలి, లాయరుతో కలిసి ఆలోచించగలగాలి అని అమెరికా సుప్రీంకోర్టు 1960లో డస్కీ కేసులో చెప్పింది. ఒకసారి అలా పిలిపించాను. జైల్లో చిన్న గది, బల్లకి అటొకరు ఇటొకరు. "మీ లాయరు ఏం చేస్తాడు?" అని సైకాలజిస్టు అడిగింది. "జడ్జికి నా మీద చాడీలు చెప్తాడు" అన్నాడు నా క్లయింటు. ఆమె తొందరపడలేదు. అదే ప్రశ్నను ఇంకోలా, ఇంకోలా అడిగింది. అది అతని జబ్బా, భయమా, నిజంగా తెలియకపోవడమా అని విడదీయడమే ఆమె పని. ఇది నీకు నచ్చుతుందో లేదో ముందే చూసుకో. మీ కౌంటీ కోర్టులో విచారణలు చాలావరకు ఎవరైనా కూర్చుని వినొచ్చు. ఒక పొద్దున వెళ్లి వెనక బెంచీలో కూర్చో.