రైతుబజార్‌కి సంచి పట్టుకెళ్ళినా ఇంటికి కవర్లు వస్తూనే ఉన్నాయి, ఏం చేయాలి?

లలిత_వైజాగ్:
అందరికీ నమస్తే. మాది వైజాగ్, ప్రతి ఆదివారం రైతుబజార్‌కి వెళ్తాం. ఇక్కడ 2022 జూన్ 5 నుంచి వాడి పారేసే ప్లాస్టిక్ బ్యాన్ చేశారు కదా, అయినా మేం వెళ్ళే చోట పలచటి కవర్లు ఇస్తూనే ఉన్నారు. నేను పెద్ద సంచి పట్టుకునే వెళ్తాను, కానీ టమాటాలు ఒక కవర్లో, పచ్చిమిర్చి ఇంకో కవర్లో, ఆఖరికి కొత్తిమీర కట్టకి కూడా ఒక కవర్ వేసి అవన్నీ నా సంచిలో పెడతారు, మొన్న లెక్కపెడితే 11 తేలాయి, చాలా బాధేసింది. చేపలకైతే అసలు దారే తెలీట్లేదు. ఇంకోటి, పెళ్ళిళ్ళలో ఇచ్చిన గుడ్డ సంచులు బీరువా మీద గుట్టగా ఉన్నాయి, బాల్కనీలో తగిలిస్తే కొన్నాళ్ళకి పొడిపొడిగా రాలిపోతున్నాయి. గుడ్డ అలా రాలుతుందా?

కుట్టుమిషన్_పద్మ:
అది గుడ్డ కాదు లలిత గారూ. నాన్ వోవెన్ అంటారు, పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. వెలుతురుకి పెట్టి చూడండి, పడుగూ పేకా ఉండవు, చిన్న చిన్న చుక్కల అచ్చు కనిపిస్తుంది. ఎండ తగిలితే పొడైపోతుంది, ఆ పొడి ఎక్కడికీ పోదు, మట్టిలోనే ఉంటుంది. 60 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 60 గ్రాముల బరువు) కంటే పలచనివి 2021 సెప్టెంబర్ 30 నుంచే బ్యాన్. ఉన్నవాటిని నీడలో పెట్టుకుని చిరిగేదాకా వాడండి.
అలాగని కొత్త కాటన్ సంచులు కొనెయ్యకండి. పత్తి పండించడానికి, నెయ్యడానికి బోలెడు ఖర్చవుతుంది, 2011లో ఇంగ్లండ్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లెక్క కట్టింది, వాతావరణం వేడెక్కడం వరకు చూస్తే ఒక కాటన్ సంచిని 131 సార్లు వాడితే గానీ ఒక్కసారి వాడి పారేసే కవర్ కంటే మేలు కాదట. ఇంట్లో పాత వాయిల్ చీర ఉంటే మూరెడు పొడవున ముక్కలు చేసి, రెండు పక్కలా కుట్టి, పైన పాత లంగా నాడా దూర్చండి. చీర పలచగా ఉంటుంది కాబట్టి లోపల బీన్సా బెండకాయా అన్నది బయటికే తెలుస్తుంది, బరువు కూడా ఉండదు. నేను ఒక్క చీరలో 14 కుట్టాను, మూడేళ్ళ నుంచి అవే ఉతుక్కుని వాడుతున్నా.

ఓరుగల్లు_పోరడు:
అక్కా, మా అమ్మ అంగట్ల కూరగాయలు అమ్ముతది, అందుకే చెప్తున్న. కవర్లు మాకు ఊకనే రావు, పైసలు పెట్టి కొనాలె. ఇయ్యకపోతే గిరాకీ పక్క దుకాణంకు పోతదని భయం, అంతే. మీరు తూకం అయినంక వద్దంటె లాభం లేదు, అప్పటికే అమ్మ చెయ్యి కవర్ల కట్ట మీదికి పోతది, ఒకటి తెంపి నోట్ల గాలి ఊది తెరుస్తది, తెరిచింది మళ్ల లోపల పెట్టదు. కాంట మీద పెట్టకముందే "కవర్ వద్దమ్మా" అని సంచి మూతి తెరిచి పట్టుకోండ్రి, తక్కెడ నుంచి సీదా అండ్లనే పోస్తది. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ ముందుగాల కొనండ్రి, టమాట, కొత్తిమీర ఆఖరికి, అప్పుడు నలగవు.

భీమిలి_వాసు:
చేపలకి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తీసుకెళ్ళండి. తూకం అయ్యాక ముక్కలు కొట్టేవాళ్ళకి చేపతో పాటే డబ్బా చేతికి ఇచ్చెయ్యాలి, తర్వాత ఇస్తే అప్పటికే నల్ల కవర్లో వేసేసి ఉంటారు. పాల ప్యాకెట్ కూడా చూసుకోండి, మూల పూర్తిగా కత్తిరిస్తే ఆ చిన్న ముక్కని చెత్త ఏరేవాళ్ళు కూడా తియ్యలేరు, కాలవలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకే. మూల వేలాడేలా సగమే కోసి, కడిగి ఆరబెట్టి పాత పేపర్లవాళ్ళకి ఇస్తే తీసుకుంటారు. మిగిలిన అన్నం, తొక్కలు కవర్లో మూటకట్టి మాత్రం పడెయ్యకండి, ఆవులు కవర్‌తో సహా మింగేస్తాయి, అది కడుపులోనే ఉండిపోతుంది.

లలిత_వైజాగ్:
చాలా థాంక్స్ అందరికీ. తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే ఇవాళ ముందే సంచి తెరిచి పట్టుకున్నా, ఆకుకూరలావిడ "మంచిదే తల్లీ" అని ఇంకో కట్ట తోటకూర వేసింది. ఈసారి 3 కవర్లే వచ్చాయి, అల్లం, పచ్చిమిర్చి, రొయ్యలు. రొయ్యలకి డబ్బా ఇంట్లోనే మర్చిపోయా, ఇప్పుడే స్కూటీ డిక్కీలో పెట్టొచ్చాను. పద్మ గారూ, అమ్మ వాయిల్ చీర ఒకటి దొరికింది, అంచు ఉంచి కుట్టాలా, తీసెయ్యాలా?