వీఆర్ హెడ్‌సెట్‌తో ఆఫీసులో రేసిజం తగ్గుతుందా?

డల్లాస్_కుర్రోడు: అన్నలూ అక్కలూ ఒక డౌట్. వచ్చే నెల మా ఆఫీసులో అందరికీ వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ట్రైనింగ్ అంట, హెడ్‌సెట్ పెట్టుకోగానే మనం నల్లజాతి ఉద్యోగి అయిపోయి మీటింగ్‌లో కూర్చుంటాం, మనం నోరు తెరిస్తే ఎవడో అడ్డొస్తాడు, మన ఐడియానే ఇంకోడు చెప్తే అందరూ ఆహా అంటారు. హెచ్ఆర్ వాళ్ల హడావుడి మామూలుగా లేదు. ఇది నిజంగా పనిచేస్తుందా లేక టిక్కు పెట్టేసుకోవడానికా?

గాజువాక_పిల్ల: మరీ తీసిపారేయకండి. 2013లో బార్సిలోనాలో మెల్ స్లేటర్ అనే రీసెర్చర్ వాళ్లు తెల్లవాళ్లకి వీఆర్‌లో నల్ల శరీరం ఇచ్చి చూస్తే లోపలి బయాస్, అంటే మనకే తెలియని పక్షపాతం, కాస్త తగ్గింది. కానీ 2009లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఇదే పని జాబ్ ఇంటర్వ్యూ సీన్‌లో చేస్తే ఉల్టా పెరిగింది 🙂 అంటే ఏ సీన్‌లో పెడుతున్నారనేదే అసలు సంగతి, మీ వాళ్లదేమో మీటింగ్ సీన్ అంటున్నారు, చూస్కోండి మరి.

పాత_మేనేజర్: హెడ్‌సెట్ తీసేశాక ఏంటి? 2004లో వచ్చిన ఒక స్టడీలో ఇద్దరు ఎకనమిస్టులు బోస్టన్, షికాగోల్లో పేపర్ యాడ్స్‌కి దాదాపు 5,000 రెజ్యూమేలు పంపారు, సరుకు ఒకటే పేర్లే మార్చారు. ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవాళ్ల పేర్లకి పదింటికో కాల్ వస్తే లకీషా, జమాల్ లాంటి నల్లవాళ్ల పేర్లకి పదిహేనింటికి గానీ ఒకటి రాలేదు. అక్కడ ఎవడూ ఎవణ్నీ తిట్టలేదు బాబూ, పేరు చూసి పక్కన పెట్టేశారంతే. దానికి ఏ కళ్లజోడు పెడతారు? నేను పదేళ్లు హైరింగ్‌లో ఉన్నా, రిఫరల్స్ అని మావాళ్ల రెజ్యూమేలే ముందు తీసేవాణ్ని, అప్పుడు అది తప్పని తట్టనే లేదు.

మూడోబెంచి: అన్నా ఆ "మావాళ్లు" అంటే ఎవరో కూడా చెప్పాల్సింది 😄 మనోళ్లు కొత్తగా జాయినైన వాణ్ని ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఊళ్లో ఏ వైపు అని ఆరా తీయట్లేదా? సియాటిల్ 2023లో కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది ఊరికేనా. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే గవర్నర్ దగ్గర వీటో అయిపోయిందనుకోండి.

డల్లాస్_కుర్రోడు: అమ్మో ఎక్కడికో వెళ్లిపోయింది. సరే ట్రైనింగ్‌కి వెళ్తా, కానీ షార్ట్‌లిస్ట్ చేసేటప్పుడు పేర్లు దాస్తున్నారా, ప్రమోషన్ లిస్ట్ ఎవరు రాస్తున్నారు అని హెచ్ఆర్‌కి మెయిల్ పెడతా. నా రిఫరల్స్ లిస్ట్ కూడా ఇప్పుడే తీసి చూశా, ఏడుగురిలో ఐదుగురు మా జిల్లావాళ్లే.