కుక్క మాత్రలు మింగితే ఉప్పునీళ్లు పట్టొచ్చా? (విజయవాడ వాళ్ల మాటలు; మనుషుల పేర్ల బదులు వాళ్ల పేటల పేర్లు)

పటమట అమ్మాయి: నిన్న రాత్రి పదిన్నరకి నాన్నగారి పారాసిటమాల్ 650 స్ట్రిప్పుని మా కుక్క చిట్టి కొరికేసింది. నాలుగు మాత్రలు కనబడలేదు. చిట్టి బరువు 12 కిలోలు. పక్కింటి పిన్నిగారు ఉప్పునీళ్లు పట్టి కక్కించమన్నారు, నాకు ధైర్యం చాలలేదు. బెంజి సర్కిల్ దగ్గర ఒక డాక్టరుగారు ఫోన్ ఎత్తితే పరిగెత్తాం. కక్కించే ఇంజెక్షన్ ఇచ్చి, మందుని పీల్చుకునే చార్‌కోల్ పట్టి, సెలైన్ పెట్టారు. ముందే ఉప్పునీళ్లు పట్టాల్సిందా?

కృష్ణలంక: పట్టాల్సిందమ్మా. డాక్టరు దగ్గరికి చేరేలోపు మందు ఒంట్లో కలిసిపోతుంది. మా ఇంట్లో ఇదివరకు అదే చేసేవాళ్లం.

సత్యనారాయణపురం: వద్దు. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి, మెదడు దెబ్బతింటుంది. మత్తుగా ఉన్న కుక్కని కక్కిస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లెక్క చూడండి: నాలుగు 650లు అంటే 2600 మిల్లీగ్రాములు, కిలోకి 217 దాకా పడింది. కుక్కలకి కిలోకి 100 దాటితే చాలు, కాలేయానికి ముప్పు. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. అది వంటింట్లో దొరకదు.

గవర్నరుపేట: పాలు పడితే?

సత్యనారాయణపురం: పాలు విరుగుడు కాదండీ.

కృష్ణలంక: చెంచాడు ఉప్పుకి చచ్చిన కుక్కని నేను చూడలేదు.

సత్యనారాయణపురం: మీరు చెంచాడంటారు. కక్కకపోతే ఇంకో చెంచా, ఇంకో చెంచా. ఎన్ని చెంచాలో చెప్పండి!

కృష్ణలంక: మళ్లీ చెంచాల లెక్కేనా! చదువుకున్నామని మాట్లాడుతున్నారు.

సత్యనారాయణపురం: చదువుకుని కాదు, చేసి మాట్లాడుతున్నా. 2019లో మా పామరేనియన్ కుక్క, అమ్మ వేసుకునే బీపీ మాత్రలు మింగితే ఈ చేతులతోనే మూడుసార్లు ఉప్పునీళ్లు పట్టాను. తెల్లారేసరికి ఫిట్స్. మాత్రల కంటే ఉప్పే దాన్ని ఎక్కువ దెబ్బతీసిందన్నారు డాక్టరు. బతకలేదు.

కృష్ణలంక: నేను ఏమీ పట్టలేదు. రెండేళ్ల కిందట శనివారం రాత్రి మా రాజు నొప్పి మాత్రలు తినేశాడు. నాలుగు క్లినిక్కులు తిరిగాను, అన్నిటికీ షట్టర్లే. వాడు నా ఒళ్లోనే పోయాడు. డాక్టరు దగ్గరికి వెళ్లండి అంటారు సరే, అర్ధరాత్రి ఏ డాక్టరు? ఏదో ఒకటి పట్టి ఉంటే అని ఇప్పటికీ నిద్రపట్టదు.

భవానీపురం: ఇద్దరూ పోగొట్టుకున్నవాళ్లే. కాస్త నిదానించండి.

సత్యనారాయణపురం: అది ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా అనేదాన్ని కాదు. రాత్రిళ్లు ఎవరు చూస్తారో ఇప్పుడే కనుక్కుని మూడు నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి. గన్నవరం పశువైద్య కళాశాలలో కూడా రాత్రి సంగతి అడిగి పెట్టుకోండి. దారిలో ఉండగానే ఫోన్ చేసి మందు పేరు, ఎన్ని మింగింది, ఎప్పుడు, బరువెంత చెప్పాలి. ఖాళీ స్ట్రిప్పు చేతిలో ఉండాలి.

కృష్ణలంక: ఫోన్ ఎత్తకపోతే?

సత్యనారాయణపురం: ఇంకొకరికి చేయండి. ఉప్పు మాత్రం వద్దు అన్నయ్యా.

పటమట అమ్మాయి: చిట్టి ఇందాక కాస్త అన్నం తింది. చిగుళ్లు గోధుమరంగుకి తిరిగితే వెంటనే తెమ్మన్నారు, రేపు మళ్లీ రక్తపరీక్ష. కృష్ణలంక గారూ, ఆ డాక్టరుగారు రాత్రిళ్లు కూడా ఫోన్ ఎత్తుతానన్నారు. నంబరు మీకు విడిగా పంపాను.