బల్లారట్‌లో తిరుగుబాటు, కోలారులో కూలి: తేడా ఎక్కడ వచ్చింది?

కోనసీమ పాఠకుడు, అమలాపురం:

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని మన జిల్లాల్లో బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ పని ముగింపుకు వస్తున్న రోజుల్లోనే, 1851లో, అదే బ్రిటిష్ ఏలుబడిలోని ఆస్ట్రేలియాలో బంగారం బయటపడి, అక్కడి విక్టోరియా వలసరాజ్యం జనాభా పదేళ్లలో సుమారు 77 వేల నుంచి 5 లక్షల 40 వేలకు పెరిగిందని ఈమధ్య చదివాను. 1854లో ఆ విక్టోరియాలోని బల్లారట్ అనే ఊళ్లో బంగారం తవ్వేవారు లైసెన్సు రుసుముపై తిరగబడి, పోరులో ఓడిపోయి కూడా, మరుసటి ఏడాదికల్లా దానిని రద్దు చేయించుకున్నారు. మన కోలారు గనుల్లో తరతరాలుగా దిగినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరూ తాము తవ్విన గుంతకు యజమానులు కాలేదు. ఈ తేడాకు జాతివివక్ష ఒక్కటే కారణమా? అసలు ఒక లైసెన్సు కోసం తుపాకులు పట్టేంత కోపం ఎందుకు వచ్చింది?

చరిత్ర ఉపాధ్యాయురాలు, రామచంద్రపురం:

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతానండి. గాదె నిండినా నిండకపోయినా కౌలు రైతు మక్తా కొలిచి తీరాలన్న సంగతి మన డెల్టాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ లైసెన్సు కూడా అటువంటిదే. 1851 సెప్టెంబరు నుంచి నెలకు 30 షిల్లింగులుగా దానిని అమలు చేశారు. అది దొరికిన బంగారంపై పన్ను కాదు, తవ్వడానికి ఇచ్చే అనుమతికి వెల. 1853 చివర కొంత తగ్గించినా ఆ పద్ధతి మారలేదు. బల్లారట్‌లో పైపైన దొరికేది అయిపోయిన తర్వాత, పాత ఏటి పాయలు మట్టి కింద పూడుకుపోయిన చోటికి చేరడానికి వంద అడుగులకు పైగా బావి తవ్వవలసి వచ్చేది. నీరు తోడుతూ, గోడలు కూలకుండా దుంగలు కడుతూ నెలల తరబడి పని చేసినా, అడుగున ఏముందో తేలేదాకా చేతికి పైసా రాదు. రుసుము మాత్రం ఆగదు. పైగా లైసెన్సు కాగితం ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి; పోలీసులు గుర్రాలపై వచ్చి అడిగినప్పుడల్లా బావిలో ఉన్నవాడు పైకెక్కి చూపించాలి, లేకపోతే జరిమానా. విక్టోరియా గవర్నరు హోథమ్ 1854లో ఈ తనిఖీలను మరింత పెంచాడు.

ఆ అక్టోబరులో స్కోబీ అనే గనివాడి హత్య కేసులో, నిందితుడైన హోటలు యజమాని బెంట్లీని స్థానిక న్యాయాధికారులు వదిలేయడంతో జనం ఆ హోటలునే తగలబెట్టారు. నవంబరులో బల్లారట్ సంస్కరణ సంఘం ఏర్పడి, లైసెన్సు రద్దుతో పాటు ఓటు హక్కును కూడా కోరింది. డిసెంబరు 3, ఆదివారం తెల్లవారుజామున బల్లారట్‌లోని యురేకా అనే చోట గనివారు కట్టుకున్న దుంగల కోటపై సైన్యం దాడి చేసింది. గనివారు కనీసం 22 మంది, సైనికులు ఐదారుగురు చనిపోయారు. గనివారి నాయకుడు పీటర్ లాలర్ ఎడమ చేయి పోగొట్టుకున్నాడు. రాజద్రోహం కేసులో నిలబెట్టిన 13 మందిలో ఒక్కరికీ జ్యూరీ శిక్ష వేయలేదు. 1855లో నెలవారీ లైసెన్సు పోయి, ఏడాదికి ఒక్క పౌనుతో గనివారి హక్కుపత్రం వచ్చింది, దానితో ఓటూ వచ్చింది. ప్రభుత్వం తన రాబడిని ఎగుమతయ్యే బంగారంపై సుంకం రూపంలో తీసుకోవడం మొదలుపెట్టింది. అంటే బంగారం దొరికినవాడిపైనే పన్ను పడింది. మొదటే అలా చేసి ఉంటే యురేకా జరిగేది కాదని నా నమ్మకం.

గోదావరి గట్టు, ధవళేశ్వరం:

మొదటి ప్రశ్నకు నా జవాబు నేలలో ఉంది. విక్టోరియాలో తొలినాళ్ల బంగారం ఒండ్రులో కలిసి దొరికింది. పలుగు, పార, మట్టి కడిగే పళ్లెం, పక్కన నీరు ఉంటే నలుగురు స్నేహితులు కలిసి పని మొదలుపెట్టవచ్చు. కోలారులో అది గట్టి తెల్లరాతి చారల్లో, భూమి లోతుల్లో ఉంది. న్యూజిలాండ్ యుద్ధంలో పనిచేసి వచ్చిన లావెల్ అనే ఐరిష్ సైనికుడు 1875లో మైసూరు సంస్థానం నుంచి తవ్వకపు హక్కు సంపాదించాడు గాని, సొంత డబ్బు చాలక కొద్దికాలానికే దానిని సైనికాధికారుల బృందానికి వదులుకున్నాడు. తర్వాత లండన్ కంపెనీలు వచ్చి, డబ్బంతా ఖర్చయి మూసేసే స్థితికి చేరాక, జాన్ టేలర్ సంస్థ ఇంకా లోతుకు దింపితే ఛాంపియన్ రీఫ్ అనే బంగారపు రాతి చార తగిలింది. రాయిని పిండి చేసే యంత్రాలు, బంగారాన్ని విడదీసే పాదరసం, సైనైడ్, 1902 నుంచి శివనసముద్రం విద్యుత్తు, ఇవన్నీ పళ్లెం పట్టుకున్నవాడి శక్తికి మించినవి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి మేస్త్రీలు తెచ్చిన మనుషులు మొదటి రోజు నుంచీ కూలీలే. చివరకు ఆ గని 3 కిలోమీటర్లకు పైగా దిగి, లోతులో ఒత్తిడికి రాయి పగిలే పేలుళ్లతో, ఊపిరితిత్తుల జబ్బుతో ఎందరినో బలిగొని, 2001 ఫిబ్రవరి 28న మూతపడింది.

భీమవరం వాసి:

నేల సంగతి నిజమేనండీ, కానీ దానితో జాతివివక్షను పక్కకు నెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ ఒండ్రే, ఆ పళ్లెమే చైనావారి చేతిలో ఉన్నప్పుడు ఏమయింది? యురేకా విజయం వచ్చిన 1855లోనే, ఓడ దిగే ప్రతి చైనీయుడిపై 10 పౌన్ల పన్ను వేశారు. దానిని తప్పించుకోవడానికి వేలమంది పక్క వలసరాజ్యమైన దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, వందల కిలోమీటర్లు నడిచి గనులకు చేరారు. 1857లో అలా నడిచి వెళుతున్న ఒక బృందానికే ఆరారట్ దగ్గర గొప్ప నిక్షేపం దొరికింది. ఇక బల్లారట్ నేలకు అసలు హక్కుదారులైన వాదవురుంగ్ ఆదివాసులను లైసెన్సు పెట్టినప్పుడూ అడగలేదు, తీసేసినప్పుడూ అడగలేదు.

కోనసీమ పాఠకుడు, అమలాపురం:

అందరికీ ధన్యవాదాలండీ. ఇంకొక్క సందేహం. బల్లారట్ చుట్టుపక్కల కూడా ఒండ్రు అయిపోయి రాతిలోకి దిగవలసి వచ్చింది కదా, అప్పుడు ఆ స్వతంత్రులు ఏమయ్యారు?

గోదావరి గట్టు, ధవళేశ్వరం:

చాలామంది కంపెనీల కింద కూలీలయ్యారు. బల్లారట్‌కు దగ్గరలోని క్లూన్స్‌లో 1873లో గని కార్మికులు సమ్మె చేస్తే, కంపెనీ వారి స్థానంలో చైనా కూలీలను పోలీసు కాపలాతో బండ్లలో రప్పించింది; ఊరి జనం రాళ్లు రువ్వి వారిని వెనక్కి తరిమారు. ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకడు పీటర్ లాలర్.