"నీ హాయ్ ఛా ద యువెన్ న": దీనికి తెలుగులో ఏమంటాం?

తలకట్టు:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. 2019లో వచ్చిన ఒక చైనా సీరియల్ పట్టుకుని కూర్చుంది. హైస్కూల్ టెన్నిస్ జట్టు కథ, జపాన్ కామిక్ 'ప్రిన్స్ ఆఫ్ టెన్నిస్'కి చైనా వాళ్ల రూపం. లూ ష్యా అని అందులో ఒక కుర్రాడు. తనకంటే పెద్దవాళ్లని ఓడించి, చివర్లో తాపీగా ఒక మాట విసురుతాడు. "నీ హాయ్... చా... యువెన్ న" అని నా చెవికి వినిపించింది. మధ్యలో ఏదో ఒక అక్షరం జారిపోయింది.

సాయంత్రం సెల్లార్లో మేమిద్దరం షటిల్ ఆడుతుంటే, కాక్ కారు కిందకి దొర్లినప్పుడల్లా ఆ మాటే నా మొహాన కొడుతోంది. నేను మోకాళ్ల మీద వంగి చీపురుకర్రతో కాక్ లాగుతూ వినాలి. "నువ్వింక చాలా దూరం" అని ఇంగ్లీషు సబ్‌టైటిల్ చూసి తెలుగు చేసుకున్నాను గానీ, అది తిట్టులా లేదు, మెప్పులా లేదు. అసలు ఆ మాటేంటి? తెలుగులో తిప్పికొట్టాలంటే ఏమనాలి?

అరసున్న:
ముందు మీ తెలుగు సంగతి చూద్దాం. "నువ్వింక చాలా దూరం" కాదు, "నువ్వింకా". ఇంక అంటే ఇకమీదట, ఇంకా అంటే ఇప్పటికీ. మీరు రాసినదానికి "ఇకనుంచి నీకూ నాకూ తెగతెంపులు" అని అర్థం వస్తుంది. కన్నకూతురితో అనే మాటేనా అది?

తలకట్టు:
దీర్ఘం మర్చిపోయాను మాస్టారూ. పేరే తలకట్టు కదా, దీర్ఘం ఎక్కడినుంచి వస్తుంది.

ఊహాన్ డాక్టరమ్మ:
ఎంబీబీఎస్ ఊహాన్‌లో చదివాను, నన్ను చెప్పనివ్వండి. "నీ హాయ్ ఛా ద యువెన్ న." జారిపోయిన అక్షరం "ద". నీ అంటే నువ్వు, హాయ్ అంటే ఇంకా (దీర్ఘంతోనే), యువెన్ అంటే దూరం. కీలకం "ఛా". ఒత్తు పలకాలి, గొంతు పైనుంచి కిందకి దిగాలి. అదే అక్షరాన్ని కిందనుంచి పైకి లేపితే టీ అవుతుంది. మొదటి ఏడాది నేను రెండోదే అన్నాను. పొద్దున్నే నువ్వుల ముద్ద కలిపిన రెగాన్‌మ్యెన్ నూడుల్స్ అమ్మే ఆయీ (మన పిన్నిగారు లాంటి పిలుపు) "నీ చైనీస్ బాగుందమ్మా" అంది. పుస్తకంలో నేర్పిన జవాబు అప్పజెప్పాను: "నాలీ నాలీ, హాయ్ ఛా ద యువెన్ న". నాలీ అంటే ఎక్కడ. నా రాగానికి ఆమె గరిటె వదిలేసి నవ్వింది.

ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. ఆ జవాబూ, మీ అమ్మాయి డైలాగూ ఒకే వాక్యం. ఎవరైనా మెచ్చుకున్నప్పుడు మన గురించి మనం అనుకుంటే అణకువ. ముందు "నీ" తగిలించి ఎదుటివాడి మీదకి తిప్పితే పొగరు. జపాన్ మూలంలో "మదా మదా దానే" అంటాడట, అందులో నువ్వు లేదు, నేను లేదు. చైనా వాళ్లు "నీ" పెట్టి వేలు చూపించారు.

వట్రుసుడి:
అద్భుతం డాక్టరుగారూ. అంటే మన "ఎక్కడండీ" లాంటిదే. "బాగా పాడారండీ" అంటే "ఎక్కడండీ, ఇంకా చాలా నేర్చుకోవాలి" అంటాం. అదే "ఎక్కడ"ని "నువ్వెక్కడ, వాడెక్కడ" అని తిప్పితే చెంపదెబ్బ. తలకట్టుగారూ, మీ జవాబు దొరికింది: "నువ్వెక్కడమ్మా!"

బండిర:
చప్పగా ఉంది. ఆటలో అనే మాటకి కారం ఉండాలి. "నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం" అనండి. దూరమూ వచ్చింది, ఎగతాళీ వచ్చింది.

అరసున్న:
నాకలోకం. నాగలోకం కాదు.

బండిర:
మొదలైంది.

అరసున్న:
మొదలుపెట్టింది మీరే. నాకము అంటే స్వర్గం. "స్వరవ్యయం స్వర్గనాకత్రిదివత్రిదశాలయాః" అని అమరంలో, అదే అమరకోశం నిఘంటువులో, మొదట్లోనే ఉంది. అకం అంటే దుఃఖం, అది లేనిది నాకం. నేల మీద తిరిగే నక్క ఎక్కడ, స్వర్గం ఎక్కడ, అదీ సామెత. నక్క, నాక అని అక్షరాలు కూడా కలిసాయి చూడండి. గ పెడితే ఆ అందం పోతుంది.

బండిర:
మా అమ్మమ్మ అరవై ఏళ్లు నాగలోకమే అంది. ఆవిడకి అమరం తెలీదు, నక్క తెలుసు, పాము తెలుసు. సామెతలు పండితులు పుట్టించరు మాస్టారూ. పొలం గట్టు మీద కూర్చున్నవాడికి నాకం ఎవరు చెప్పారు? పైన నక్క, కింద పాతాళంలో నాగులు. మధ్య బోలెడు దూరం. సరిపోయింది కదా.

అరసున్న:
బొరియ తవ్వుకుని బతికే జంతువుకి పాతాళం దూరమా? నక్కకి నాగలోకం పక్కవీధి. దూరం చెప్పాలంటే పైకే వెళ్లాలి.

వట్రుసుడి:
ఇద్దరూ సరైనవారే అని నా సొంత సిద్ధాంతం. మొదట నాకలోకమే. తమిళుల నోట రెండు అచ్చుల మధ్య క మెత్తబడి గ అవుతుంది కదా, మన నోళ్లలోనూ అలాగే నలిగి ఉంటుంది. తర్వాత జనం ఆ గ కి పాముని తెచ్చి అతికించారు. పనిలో పని, నక్కి ఉండేది కాబట్టి నక్క అని ఇంకో సిద్ధాంతం కూడా ఉంది నా దగ్గర.

అరసున్న:
మొదటిది ఆలోచించొచ్చు. రెండోది మీ దగ్గరే ఉంచుకోండి.

ఊహాన్ డాక్టరమ్మ:
నక్కని కాస్త పక్కన పెడితే, "ఛా" ప్రధానంగా దూరం కాదండీ, తక్కువ. గడియారం చెప్పేటప్పుడు కూడా ఇదే వాడతారు. ఎనిమిదికి ఐదు నిమిషాలుంటే "ఛా ఊ ఫెన్ పా త్యెన్", అంటే ఐదు నిమిషాలు తక్కువ ఎనిమిది. మా నాన్నగారు అచ్చం అలాగే అంటారు, "ఐదు తక్కువ ఎనిమిది" అని. కాబట్టి ఆ డైలాగు "నీకింకా చాలా తక్కువైంది" అన్నట్టు. ఎంత తక్కువ? దూరమంత తక్కువ. ఇక "ఛాబుదువో" అని చైనాలో పొద్దస్తమానం వినిపించే మాట ఉంది. విడదీస్తే "ఎక్కువ తక్కువకాలేదు", వాడుకలో దాదాపు, ఇంచుమించు.

వట్రుసుడి:
ఇంచుమించు! ఇంచుక అంటే కొంచెం, మించు అంటే ఎక్కువ కావడం. కొంచెం అటో ఇటో. చైనావాడు తక్కువ ఒక్కటే లెక్కపెట్టాడు, మనం రెండువైపులా చూశాం.

డెస్కు మనిషి:
పాతికేళ్లు ఒక పత్రికలో ఆటల పేజీ చూశాను, ఇప్పుడు రిటైర్డ్. చైనా టెన్నిస్ అనగానే 2011 జూన్ 4 గుర్తొస్తుంది. లీ నా ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో స్కియవోనిని 6–4, 7–6తో ఓడించి, సింగిల్స్‌లో గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి ఆసియా క్రీడాకారిణి అయింది. ఆ రాత్రి డెస్కులో గొడవ ఆట మీద కాదు, పేరు మీద. స్కోర్‌బోర్డు మీద "నా లీ" అని ఇంటిపేరు వెనక. చైనా పద్ధతిలో ఇంటిపేరు ముందు, మన తెలుగువాళ్లలాగే. లీ ఇంటిపేరు, నా అసలు పేరు. "లీ నా" అనే పెట్టాం. కుర్ర సబ్ ఎడిటర్ ఒకడు "ఈ కప్పు 'నా'దే" అని హెడ్డింగ్ కొట్టుకొచ్చాడు. మా ఇన్‌చార్జి కొట్టేశాడు. ఇప్పటికీ ఆ హెడ్డింగే బాగుందనిపిస్తుంది నాకు. ఆమెదీ ఊహానే, డాక్టరమ్మగారూ.

ఊహాన్ డాక్టరమ్మ:
అవునండీ. మా ఆయీ ఆమె గురించి మాట్లాడితే నూడుల్స్ ఉడికిపోయేవి.

బండిర:
లూ ష్యా కూడా ఇంటిపేరు ముందేనా? లూ వారి అబ్బాయి ష్యా?

ఊహాన్ డాక్టరమ్మ:
అంతే. ఈ లూ రాసే అక్షరానికి దారి అని అర్థం, ష్యా అంటే ఎండాకాలం. బడి పేరు యూచింగ్. అందులో చింగ్ అంటే పచ్చ, లేత. జపాన్ కథలో బడి పేరు సేషున్ గాకువెన్, దానికీ మొదటి అక్షరం అదే. పచ్చ, వసంతం రెండూ కలిపితే వాళ్లకి యౌవనం. మూలంలో హీరోకి పన్నెండేళ్లు, మిడిల్ స్కూల్ వాడు. చైనా వాళ్లు హైస్కూల్లో వేశారు. నాకైతే పన్నెండేళ్లవాడి నోట ఆ పొగరు ముద్దుగా ఉంటుంది, పెద్ద పిల్లాడి నోట కొంచెం ఒళ్లు మండుతుంది. సీరియల్ అసలు పేరు "ఫెన్‌దోవ్ బా, షావ్‌న్యెన్". ఆ "బా" ఉంది చూశారూ, పురమాయింపు. "పోరాడు యువకా" అంటే గోడమీద నినాదంలా ఉంటుంది. "కానియ్‌రా అబ్బాయ్" అంటే దగ్గరగా వస్తుంది.

అరసున్న:
చిన్నవాడు పెద్దవాళ్లని ఓడించడం అంటున్నారు, దూరం అంటున్నారు, ఇంతవరకు పోతనగారిని ఒక్కరూ తలవలేదు. "ఇంతింతై వటుడింతయై మఱియుఁ దా నింతై నభోవీథిపై నంతై తోయదమండలాగ్రమున కల్లంతై..." వటుడంటే కుర్రవాడే కదా. దూరాన్ని తెలుగులో ఇంతకంటే ఎవరు కొలిచారు? ముందు ఇంత, తర్వాత అంత, మబ్బులు దాటేసరికి అల్లంత. కళ్లు పైకెత్తి చూస్తున్నవాడి మెడ నొప్పి కూడా ఆ పద్యంలో ఉంది. మీ యువెన్‌కి "అల్లంత" పెట్టండి. "నువ్వింకా అల్లంత దూరాన ఉన్నావు."

వట్రుసుడి:
ఆ పద్యంలో ప్రభారాశి ముందొచ్చి చంద్రుడు తర్వాత వస్తాడు. సూర్యుడి పైన చంద్రుడా అని చిన్నప్పుడు క్లాసులో అడిగి చెవి మెలి పెట్టించుకున్నాను.

అరసున్న:
భాగవతం పంచమ స్కంధంలో లెక్క అదే, సూర్యుడికి పైన లక్ష యోజనాల దూరాన చంద్రుడు. పోతన పురాణం ప్రకారం పైకి ఎక్కించాడు. మీ మాస్టారు ఆ ముక్క చెప్పి ఉండాల్సింది, చెవి అక్కర్లేదు.

బండిర:
చంద్రుడు దాటి ధ్రువుడు, ధ్రువుడు దాటి మహర్లోకం, ఆపైన సత్యలోకం. అంత పైకి వెళ్లినా దారిలో మీ నాకలోకం తగల్లేదే మాస్టారూ?

అరసున్న:
స్వర్లోకమే నాకం. ధ్రువుడి దాకా ఉన్నదంతా అదే. వామనుడు దాని మధ్యలోంచే వెళ్లాడు. నక్క మాత్రం వెళ్లలేదు.

వట్రుసుడి:
ఇంకో అనుమానం. వామనుడు "నువ్వింకా అల్లంత దూరం" అని బలితో అనలేదు. ఎదిగి ఊరుకున్నాడు. లూ ష్యా గెలిచి కూడా అంటాడు. పోతనని ఈ డైలాగుకి తేవడం న్యాయమా?

అరసున్న:
న్యాయం సంగతి నాకు తెలీదు. మాట కావాలన్నారు, ఇచ్చాను.

డెస్కు మనిషి:
హెడ్డింగ్ కావాలంటే నన్నడగండి. "ఇంకా చాలదు." రెండే మాటలు, సింగిల్ కాలమ్‌లో పడుతుంది. తక్కువా వచ్చింది, ఇంకా వచ్చింది. నా గురించి నేనన్నా సరిపోతుంది, ఎదుటివాణ్ణి అన్నా సరిపోతుంది.

ఊహాన్ డాక్టరమ్మ:
ఇది బాగుందండీ! చివరి "న" ఒక్కటే మిగిలింది. ఆ "న" లేకపోతే డాక్టరు రిపోర్టు చదివినట్టుంటుంది. అది పడితేనే ముక్కు ఎగరేసినట్టు.

బండిర:
"ఇంకా చాలదులే."

అరసున్న:
"లే" కాదు. లే అంటే ఓదార్పు. "పర్లేదులే" అన్నట్టు. "సుమా" అనాలి.

బండిర:
సెల్లార్లో షటిల్ ఆడుతూ సుమా అనాలా? ఎనిమిదో తరగతి పిల్లతో?

తలకట్టు:
అందరికీ నమస్కారం. రెండు రోజులు లాగిన్ కాలేదు, ఈలోపు ఇక్కడ సత్యలోకం దాకా వెళ్లారు. నిన్న ప్రయోగం చేశాను. "నక్కకీ నాకలోకానికీ" అన్నాను. "నాకే లోకమా, అంటే అక్కడ అందరూ నాకుతారా నాన్నా?" అంది. తర్వాతి పాయింటు నాదే, ధైర్యం చేసి "నువ్వింకా అల్లంత దూరం" అన్నాను. "అల్లం ఎంత?" అంది. ఆ నవ్వులో సర్వీస్ నెట్‌కి కొట్టాను. 21–9. ఓడినాక కాక్ ఏరుతూ నేనే "హాయ్ ఛా ద యువెన్ న" అన్నాను, "నీ" తీసేసి. డాక్టరుగారు చెప్పిన అణకువ అన్నమాట. "టీ అన్నావు నాన్నా" అంది.

అరసున్న:
అల్లం అందా! తప్పు పిల్లది కాదు, మనది. అల్ల అంటే ఆ దూరాన ఉన్నది అని ఎవరూ చెప్పలేదు. అన్నమయ్య ఏడుకొండల్ని చూపించి "అదివో అల్లదివో" అనలేదూ? రోజూ పొద్దున్న వింటూనే ఉంటారు.

బండిర:
అదిగో అల్లదిగో.

అరసున్న:
అదివో. వో.

బండిర:
మా అమ్మమ్మ...